చిన్న వెబ్‌సైట్ల పద్దులో చేతి ఖర్చు

వెబ్‌సైటు కావాలని వచ్చినవాళ్ళకి మేమిచ్చే ఎస్టిమేట్‌లో డొమైన్‌కి ఇంత, హోస్టింగ్‌కి ఇంత, డిజైన్‌కి ఇంత అని రాసి ఉంటుంది. ఆఖర్న ‘ఏడాది మెయింటెనెన్స్’ అని ఒక వరస. ఆ ఒక్క వరసలో ఏముందో విప్పి చూసేవాళ్ళు తక్కువ. అందులో ఉన్నది మనిషి చెయ్యి. ధరలు మార్చడం, ఫొటోలు చిన్నవి చేసి ఎక్కించడం, చెత్త కామెంట్లు తుడవడం, ప్లగిన్లు, అంటే సైటుకి అదనంగా తగిలించే చిన్న ప్రోగ్రాంలు, అప్‌డేట్ చేయడం, ‘ఆ ఫోన్ నంబరొక్కటీ మార్చెయ్యమ్మా’ అనగానే లాగిన్ అయ్యి, పేజీ వెతికి, మార్చి, సేవ్ చేసి, మళ్ళీ తెరిచి చూసుకోవడం. ఈ పనికి చెయ్యి అరుగుతుంది. ఆ అరుగుదల ఏ ఎస్టిమేట్‌లోనూ కనపడదు. కనపడాలని, అంతకన్నా ముందు సైటు కట్టేటప్పుడే దాన్ని లెక్కలోకి తీసుకోవాలని నేను గట్టిగా అనుకుంటున్నాను.

నేనుండేది అమలాపురం పక్కన. ఇంట్లోంచే చిన్న సైట్లు నడుపుతాను. కడియం వైపు ఒక నర్సరీ, ఆత్రేయపురంలో పూతరేకులు చుట్టి అమ్మే ఒక కుటుంబం, రావులపాలెంలో ఒక కల్యాణ మండపం, అంతర్వేది దారిలో ఒక లాడ్జి, మేం చదివిన హైస్కూలు పూర్వ విద్యార్థులది ఒకటి, ఇంకొన్ని. వీళ్ళెవరికీ వేరే ఐటీ మనిషి లేరు. డిజైనూ నేనే, రాతా నేనే, రాత్రి సైటు తెరుచుకోకపోతే ఫోనెత్తేదీ నేనే. పెద్ద కంపెనీలో పనిచేసేవాళ్ళకి చెయ్యి పట్టేస్తే పెట్టుకోవడానికి సెలవుంటుంది, పని అందుకోవడానికి పక్క సీట్లో ఇంకొకరుంటారు. ఈఎస్‌ఐ (ఉద్యోగుల బీమా) రావాలన్నా ఎక్కడో ఒకచోట జీతం మీద ఉండాలి. నాలాంటివాళ్ళకి ఆ దారి లేదు. కాబట్టి చెయ్యి కాపాడుకునే ఏర్పాటు కూడా మేమే చేసుకోవాలి, దాని ఖర్చు మేమే రాబట్టుకోవాలి.

ముందు జబ్బు సంగతి. ఒకే కదలిక మాటిమాటికీ చేయడం వల్ల చేతికి వచ్చే బాధల్ని ఆర్‌ఎస్‌ఐ అని అందరూ ఒకే పేరుతో పిలుస్తారు గానీ అది ఒక జబ్బు కాదు, చాలా వాటికి కలిపి పెట్టిన పేరు. ఏది ఎక్కడ పట్టిందో వేళ్ళే చెబుతాయి. బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు, ఉంగరపు వేలిలో ఆ పక్క సగం తిమ్మిరెక్కుతుంటే మణికట్టు దగ్గర మీడియన్ నరం నలుగుతోందని అనుమానించాలి. దాన్నే కార్పల్ టనెల్ అంటారు. చిటికెనవేలు, ఉంగరపు వేలిలో మిగతా సగం మొద్దుబారితే అది వేరే నరం, అల్నార్, సాధారణంగా మోచేతి దగ్గర నొక్కుకుంటుంది. బొటనవేలి మొదట్లో, మణికట్టు పక్కన, గిన్నె ఎత్తినా పోటు వస్తే అది నరం కాదు, అక్కడి టెండన్‌ల (కండరాన్ని ఎముకకి కలిపే తాళ్ళ) ఒరలో వాపు. 1895లో దాని గురించి రాసిన స్విస్ సర్జన్ డి కెర్వాన్ పేరే దానికి పెట్టారు. పసిపిల్లల తల్లులకి కూడా వస్తుంది, బిడ్డని మాటిమాటికీ ఎత్తుకోవడం వల్ల. మోచేతి బయటి పక్క సలుపు ఇంకొకటి.

కార్పల్ టనెల్ గురించి మా డాక్టరుగారు చెప్పింది నాకు బాగా అర్థమైంది. మణికట్టులో మూడు పక్కలా ఎముకలు, పైన గట్టి పట్టీ ఉన్న ఒక సందు. అందులోంచి వేళ్ళని ముడిచే తొమ్మిది టెండన్‌లూ, వాటితోపాటు ఆ నరమూ వెళ్ళాలి. పొలం బోదెకి వేసిన తూము సంగతి మనకి తెలుసు కదా, గొట్టం పెరగదు, లోపల పూడిక పేరుకుంటే నీళ్ళకి దారి తగ్గుతుంది. ఇక్కడా అంతే. టెండన్‌ల చుట్టూ ఉన్న పొర వాస్తే సందు పెరగదు, అన్నిటికన్నా మెత్తగా ఉన్న నరం నలుగుతుంది. పడుకున్నప్పుడు మణికట్టు తెలియకుండానే మడతపడుతుంది కాబట్టి ఎక్కువమందికి రాత్రిపూట తిమ్మిరితో మెలకువ వస్తుంది. లేచి చెయ్యి విదిలిస్తే కాస్త తగ్గుతుంది. నాకు జరిగింది సరిగ్గా ఇదే. కుడి చెయ్యి కార్పల్ టనెల్, ఇంకా మొదటి దశ. ఎడమ బొటనవేలికి ఫోను పుణ్యమా అని ఆ డి కెర్వాన్ పేరుది.

పరీక్షలు పెద్ద యంత్రాలతో మొదలవ్వవు. రెండు చేతుల వెనక వైపులూ ఆనించి, మణికట్లు కిందికి వంచి ఒక్క నిమిషం ఉంచమన్నారు. నిమిషం కాకుండానే వేళ్ళు జివ్వుమన్నాయి. బొటనవేలిని గుప్పిట్లో పెట్టి గుప్పిటిని చిటికెనవేలి వైపు వంచమన్నారు. ఎడమ చేతికి ప్రాణం పోయినంత పనైంది. తర్వాత నరం ఎంత వేగంగా కబురు మోస్తోందో చూసే పరీక్ష రాశారు. దానికి రాజమండ్రి వెళ్ళాలి. ఆ పరీక్ష బాగానే వచ్చినా తొలిదశ జబ్బు ఉండొచ్చని కూడా చెప్పారు. షుగరు, థైరాయిడ్ చూపించుకోమన్నారు, ఎందుకంటే ఆ రెండూ ఉన్నవాళ్ళకి కార్పల్ టనెల్ ఎక్కువగా వస్తుంది. బీ12 తక్కువైనా, మెడ దగ్గర నరం నొక్కుకున్నా చేతిలో ఇలాంటి తిమ్మిర్లే. టైపింగ్ వల్లేనని మనమే తేల్చేసుకుని వీటిని వదిలేయకూడదు. బొటనవేలి కింద కండ తగ్గినట్టు కనపడినా, చేతిలోంచి గ్లాసులు జారిపోతున్నా ఇంక ఆగకుండా డాక్టరు దగ్గరికి వెళ్ళాలి. అక్కడిదాకా వస్తే ఆ మణికట్టు పట్టీని కోసి సందు వెడల్పు చేసే ఆపరేషన్ కూడా ఉంది, చిన్నదే. వాయిదా వేస్తే మాత్రం పోయిన కండ తిరిగి రాకపోవచ్చు.

మా ఊళ్ళలో దీనికి మొదటి వైద్యం నూనె రాసి లాగించడం. ‘నరం పట్టిందమ్మా, ఓసారి లాగితే సరి’ అని ప్రేమగానే అంటారు. గోరువెచ్చటి కాపడం హాయిగా ఉంటుంది, కాదనను. కానీ ఇప్పటికే నలుగుతున్న నరం మీద బొటనవేళ్ళు పెట్టి అదమడం మంచిది కాదు. రెండో వైద్యం మందుల షాపులో అడిగి తెచ్చుకునే నొప్పి బిళ్ళ. పొట్టకీ కిడ్నీకీ దాని దెబ్బ అలా ఉంచితే, నొప్పి తెలియకపోవడంతో ఆ పూట ఇంకో నాలుగు గంటలు టైప్ చేస్తాం. చెయ్యి చెప్పే మాట వినపడకుండా చేసుకుని దాన్ని ఇంకా వాడటం అన్నమాట. నేను గట్టిగా వ్యతిరేకించేది దీన్నే.

అసలు కారణం చేతిలో లేదు, పని అమరికలో ఉంది. ఇది కొత్తగా కనిపెట్టిన సంగతేం కాదు. మూడు వందల ఏళ్ళ కిందట ఇటలీలో బెర్నార్దినో రామజ్జినీ అనే వైద్యుడు వృత్తుల వల్ల వచ్చే రోగాల మీద పనిచేశాడు. రాతగాళ్ళ గురించి 1713లో రాస్తూ మూడు కారణాలు చెప్పాడు. కదలకుండా కూర్చోవడం, చెయ్యి ఎప్పుడూ ఒకే తీరున ఆడించడం, లెక్క తప్పు పోకూడదన్న మనసు బిగువు. కంప్యూటరు లేదు, మౌసు లేదు. మూడో కారణం చూడండి. నా మెడ, భుజాలు, వేళ్ళు బిగుసుకునేది పెళ్ళి ముహూర్తాల సీజన్‌లో, మండపం బుకింగ్ పేజీలో ఒక తేదీ తప్పుపడితే రెండు పెళ్ళిళ్ళు ఒకేరోజు మీదపడతాయన్న భయంతో పనిచేసినప్పుడు. మామూలు రోజున అన్ని అక్షరాలే కొట్టినా అంత నొప్పి ఉండదు. అందుకే కీబోర్డు మారిస్తే నయమైపోతుందని ఎవరైనా అంటే నేను నమ్మను.

ఈ నమ్మకం నాకు 2022లో స్థిరపడింది. మే 24న అమలాపురంలో జరిగిన గొడవల తర్వాత కోనసీమలో ఇంటర్నెట్ ఆపేశారు. అది అందరికీ బాధగా గడిచిన కాలం. ఇంటి నుంచి సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలు చేసుకుంటున్న మా వైపు కుర్రాళ్ళు లాప్‌టాప్‌లు పట్టుకుని సిగ్నల్ అందే గోదావరి గట్ల వైపు వెళ్ళారు. నా సైట్లన్నీ ఎక్కడో ఉన్న సర్వర్లలో వాటి మానాన అవి నడుస్తున్నాయి, వాటిని ముట్టుకునే వీలు నాకు లేదు. కొన్ని రోజులకి రాత్రి మెలకువలు తగ్గాయి. బొటనవేలి పోటు దాదాపు పోయింది. వంటా, బట్టలూ, ఇంటి పనీ ఎప్పటిలాగే చేశాను, అయినా తగ్గింది. నెట్ తిరిగొచ్చాక పేరుకుపోయిన మార్పులన్నీ ఒకేసారి చేయాల్సి వచ్చింది. వారం తిరక్కుండా నొప్పి ఇదివరకటికన్నా ఎక్కువై కూర్చుంది.

దాంతో రెండు సంగతులు తేలాయి. ఒకటి, నా చేతికి జబ్బు తెచ్చిపెట్టింది ఈ పనే. రెండు, విశ్రాంతి ఒక్కటే మందు కాదు. ఆగిన పని ఎక్కడికీ పోదు, పేరుకుంటుంది, పేరుకున్నది ఒక్కసారిగా మీదపడుతుంది. ‘కొన్నాళ్ళు రెస్ట్ తీసుకో’ అనే సలహా జీతం ఆగనివాళ్ళకి పనికొస్తుందేమో. సొంతంగా సైట్లు నడిపేవాళ్ళకి తగ్గాల్సింది పనే, అదీ శాశ్వతంగా.

చేతిపని వల్ల చెయ్యి పోవడం మా డెల్టాకి కొత్తా కాదు. భీమవరం వైపు రొయ్యల ప్లాంట్లలో ఐసు నీళ్ళలో తడిసిన చేతులతో తలలు తీసి ఒలిచే ఆడవాళ్ళున్నారు. అంబాజీపేట చుట్టుపక్కల కొబ్బరి ఒలుపుతో బతికేవాళ్ళున్నారు. నాకు అందరికన్నా దగ్గరగా తెలిసింది మా పెద్దమ్మ. ఆవిడది నరసాపురం పక్క ఊరు, లేసు అల్లేది. 19వ శతాబ్దంలో మిషనరీలు నేర్పిన ఆ పని నరసాపురం, పాలకొల్లు పల్లెల్లో ఇంటింటికీ పాకింది. మధ్యాహ్నం గిన్నెలు సర్దేసి అరుగు మీద వెలుతురు పడేచోట గోడకి ఆనుకుని కూర్చునేది. దారం ఎడమ చూపుడువేలికి చుట్టుకుని, కుడిచేత్తో సూదిని పెన్ను పట్టినట్టు పట్టి, కొక్కెంతో దారం లాగి ముడి వేసేది. ఆ కదలికంతా మణికట్టులో ఒక చిన్న తిప్పు. దాన్ని అలా వేలసార్లు తిప్పేది. ఎడమ చూపుడువేలి పక్కన దారం ఒరుసుకున్నచోట చర్మం గట్టిపడి గీత పడిపోయింది. రాత్రి పొయ్యి మీద వేడినీళ్ళు మిగిలితే చేతులు అందులో పెట్టుకుని కూర్చోవడం నేను చూశాను. ‘తిమ్మిరి, ఏముంది, అందరికీ ఉండేదే’ అనేది.

ఆవిడకి కూలి అల్లిన దారాన్ని బట్టి. ఎన్ని గంటలు కూర్చుంది, చెయ్యి ఎంత సలిపింది అన్నది ఏజెంటు పుస్తకంలో ఎక్కదు. ఆగితే కూలి ఆగుతుంది కాబట్టి నొప్పి వచ్చినా ఆగదు. మాకిచ్చే ఏడాది కాంట్రాక్టు దీనికి తలకిందులుగా ఉంటుంది గానీ ఫలితం ఒకటే. డబ్బు ముందే ఖాయం, పనికి మాత్రం హద్దు లేదు. ఎన్ని మార్పులు అడిగినా అదే డబ్బు. ఆవిడకి ఎంత చేస్తే అంత, నాకు ఎంత చేసినా ఇంతే. రెండు పద్ధతుల్లోనూ చేతికి ఆగే హక్కు లేదు. పెద్దమ్మ ఆ రేటు మార్చగలిగే స్థితిలో లేదు. నేనున్నాను. అందుకే దీన్ని నొప్పి సమస్యగా మాత్రమే కాకుండా బేరం సమస్యగా కూడా చూడమంటున్నాను.

ముందుగా సైట్లు మార్చాను. కడియం నర్సరీ సంగతి చెబుతాను, అన్నిటికన్నా చెయ్యి తిన్నది అదే. గులాబీలు, మందారాలు, క్రోటన్లు, మామిడి అంట్లు, అవెన్యూ మొక్కలు, ఒక్కో మొక్కకి వర్డ్‌ప్రెస్ అనే సైట్లు కట్టే సాఫ్ట్‌వేర్‌లో ఒక్కో పేజీ. మొక్క ఏ కవర్లో ఉందో, ఎంత ఎత్తుందో దాన్నిబట్టి ధర మారుతుంది. సీజన్ మారితే మళ్ళీ మారుతుంది. ఓనరుగారు ధరల కాగితం ఫొటో తీసి వాట్సాప్‌లో పెట్టేవారు. ఒక్కో పేజీ తెరవడం, ధర ఉన్న గడి దాకా మౌసు లాగడం, పాతది చెరిపి కొత్తది కొట్టడం, అప్‌డేట్ నొక్కడం, అది తిరుగుతున్నంతసేపూ వేలు మౌసు మీదే బిగించి ఉంచడం. ఈ బిగించి ఉంచడాన్ని ఎవరూ పనిగా లెక్కపెట్టరు. కండరానికి అదీ పనే.

ఇప్పుడు ఆ సైటులో చేత్తో దిద్దే పేజీ ఒక్కటీ లేదు. మొక్క పేరు, కవరు సైజు, ఎత్తు, ధర, ఫొటో పేరు, అన్నీ ఒక గూగుల్ షీట్‌లో ఉంటాయి. ఓనరుగారి మనవడు అందులో ధర మారుస్తాడు. రాత్రి ఒక చిన్న స్క్రిప్టు, అంటే చెప్పిన పని తనంతట తానే చేసే ప్రోగ్రాం, ఆ షీట్‌ని తెచ్చుకుంటే, హ్యూగో అన్న ఉచిత సాఫ్ట్‌వేర్ పేజీలన్నీ కొత్తగా తయారుచేస్తుంది, అవి సర్వర్‌కి వెళ్ళిపోతాయి. లోపల డేటాబేస్ లేదు, ప్లగిన్లు లేవు, లాగిన్ పేజీ లేదు, కాబట్టి వాటిని కాపాడే పనీ లేదు. ఫొటోలు ఒక ఫోల్డర్లో వేస్తే ఇంకో స్క్రిప్టు తనంతట తానే వాటిని చిన్నవి చేస్తుంది. భద్రత సర్టిఫికెట్ దాన్ని ఉచితంగా ఇచ్చే లెట్స్ ఎన్‌క్రిప్ట్ అనే సంస్థది, 90 రోజులకి ఒకసారి గడువు తీరుతుంది, దాన్ని తిరిగి తెచ్చుకునే పని కూడా సర్వరే చేసుకుంటుంది. బ్యాకప్ కూడా అంతే. వర్డ్‌ప్రెస్ వదలలేని సైట్లు రెండు మూడు ఉన్నాయి. వాటిలో ప్లగిన్లు ఆటోమేటిక్‌గా అప్‌డేట్ అయ్యేలా పెట్టాను, 2020లో వచ్చిన 5.5 వెర్షన్ నుంచీ ఆ సదుపాయం అందులోనే ఉంది. కామెంట్లు పూర్తిగా మూసేశాను. లాడ్జి సైటులో కామెంట్ పెట్టె వల్ల మంచి జరిగిన రోజు నాకు గుర్తులేదు.

‘నీ నొప్పి తీసుకెళ్ళి ఆ కుర్రాడికి అంటించావు’ అని ఒక స్నేహితురాలంది. ఆలోచించదగ్గ మాటే. కానీ మోతాదు చూడాలి. ఆ అబ్బాయి తన నర్సరీ ధరలు మాత్రం మారుస్తాడు, కాసేపు. అలాంటి కాసేపులన్నీ పోగై ఒకే మణికట్టు మీద పడటమే జబ్బు. పంచితే అవి ఎవరికీ బరువు కావు. పైగా కాగితం మీద రాసి, ఫొటో తీసి, పంపి, నేను కొట్టాక తప్పులు వెతికి మళ్ళీ చెప్పడం కన్నా ఆయన ఇంట్లోనూ పని తగ్గింది.

స్క్రిప్టులు రాయడం అందరికీ రాదు కదా అంటారు. రాకపోయినా చేయగలిగిన పెద్ద పని ఒకటుంది, సైటుని చిన్నది చేయడం. పూతరేకుల కుటుంబానికి మొదట ‘మా గురించి’, ‘గ్యాలరీ’, ‘వార్తలు’, ‘బ్లాగు’ అంటూ వరసగా పేజీలు పెట్టాం, ఏ వెబ్‌సైటుకైనా అవి ఉండాలన్న అలవాటు కొద్దీ. కొనేవాళ్ళకి కావలసింది రకాలు, ధర, ఎన్నాళ్ళు నిలవుంటాయి, ఏ ఊరికి ఎన్నాళ్ళలో చేరతాయి, ఫోన్ నంబరు. అదంతా ఒక్క పేజీలో పట్టింది. ఆత్రేయపురం పూతరేకులకి 2023లో జీఐ గుర్తింపు, అంటే ఫలానా ఊరి సరుకని చెప్పే గుర్తింపు, వచ్చినప్పుడు ఆ ఒక్క పేజీలోనే ఒక వాక్యం చేర్చాను, పనైపోయింది. చిన్న వ్యాపారానికి పెద్ద సైటు అమ్మడం నాకిప్పుడు అన్యాయంగా అనిపిస్తుంది, వాళ్ళ డబ్బుకీ, నడిపేవాళ్ళ చేతికీ.

ఆ తర్వాత బేరం. ఇక్కడే మనవాళ్ళు వెనకాడతారు, ఎందుకంటే కస్టమర్లు అందరూ తెలిసినవాళ్ళే, సగం మంది బాబాయిలూ పిన్నులే. నేను పెట్టిన షరతు ఇది. నెలకి రెండు మార్పులు ఏడాది ఫీజులోనే వస్తాయి, ఆపైన ప్రతి మార్పుకీ వేరే. మార్పులు ఫోన్లో చెప్పకూడదు, ఒకే చోట రాసి ఉంచాలి. మండపం ఆయన ఎస్టిమేట్ చూసి ‘ఇదేం కొత్త పద్దమ్మా, మనలో మనకి?’ అన్నారు. మనలో మనకి కాబట్టే చెబుతున్నానండీ, చెయ్యి చూపించుకోవడానికి రాజమండ్రి తిరుగుతున్నాను అన్నాను. ఆయన కాసేపు ఆలోచించి, ‘వంటమేస్త్రి కూడా ప్లేటుకింతని మాట్లాడుకుంటాడు, ప్లేట్లు పెరిగితే డబ్బు పెరుగుతుంది, నువ్వెందుకు ఊరుకోవాలి’ అన్నారు. అందరూ ఆయనలా లేరు. ఒకరు ఇంకొకరి దగ్గరికి వెళ్ళిపోయారు. వెళ్ళింది అన్నిటికన్నా ఎక్కువ ఫోన్లు చేయించే సైటే, కాబట్టి నష్టం అనుకున్నంత లేదు. విచిత్రం ఏంటంటే, మార్పుకి ధర పెట్టగానే మార్పులు తగ్గాయి. ఒకే బ్యానర్ మాటల్ని పొద్దున ఒకలా సాయంత్రం ఒకలా మార్చమనడం పోయింది.

అడిగినవన్నీ ఒక జాబితాలో పోగేసి ఒకే రోజు కూర్చుని తీర్చేయడం మాత్రం చేయకండి. వినడానికి క్రమశిక్షణలా ఉంటుంది, చేతికి అది పెద్ద దెబ్బ. ఇంటర్నెట్ తిరిగొచ్చిన వారం నాకు జరిగింది అదే. జాబితా ఒకచోట ఉండాలి, పని మాత్రం రోజుకి కొంచెం చొప్పున పరుచుకోవాలి. మధ్యలో ఆపమని గుర్తుచేయడానికి వర్క్‌రేవ్ అన్న ఉచిత ప్రోగ్రాం వాడతాను. అది తెర మీదకి రాగానే విసుగొస్తుంది, నిజమే. నొప్పి మొదలయ్యాక ఆగడం కన్నా మొదలవ్వకముందే ఆగడం వల్ల ఉపయోగం ఎక్కువ, ఆ సమయం మనకి తెలియదు కాబట్టే ఎవరో ఒకరు చెప్పాలి.

బల్ల, కుర్చీ, పరికరాల గురించి ఎక్కువ రాయను. కీబోర్డు వెనక ఉండే చిన్న కాళ్ళు మడిచేయండి. అవి లేపితే మణికట్టు పైకి విరుచుకుంటుంది. ముందు పెట్టుకునే మెత్త ఆగినప్పుడు చెయ్యి ఆనించడానికి, దాని మీద మణికట్టు నొక్కి టైప్ చేయడానికి కాదు. లాప్‌టాప్‌ని పుస్తకాల మీదకెత్తి విడి కీబోర్డు పెట్టుకుంటే మెడా చేతులూ రెండూ బాగుపడతాయి. నిలువు మౌసు నాకు పనికొచ్చింది, మా తమ్ముడికి పనికిరాలేదు. చేతికి స్ప్లింట్, అంటే మణికట్టు కదలకుండా పట్టి ఉంచే కట్టు, రాత్రి పడుకునేటప్పుడు, మణికట్టు తిన్నగా ఉండేలా. అది కట్టుకుని టైప్ చేస్తే వేళ్ళు దానితో పోరాడుతూ ఇంకా అలిసిపోతాయి. ఇంకో మాట, మా వైపు ఎండాకాలం ఉక్కలో స్ప్లింట్ కింద చెమటకి చర్మం పొక్కుతుంది. పాత మేజోడు పైభాగం కత్తిరించి లోపల తొడుక్కుంటే ఆ బాధ ఉండదు.

ఇంతదాకా చెప్పింది ఏ భాషలో సైటు నడిపేవాళ్ళకైనా వర్తిస్తుంది. తెలుగులో నడిపేవాళ్ళకి ఇంకో భారం ఉంది, దాని గురించి ఎవరూ మాట్లాడరు. మనలో చాలామంది ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు కొడతాం, లేఖిని అనే ఆన్‌లైన్ పరికరం పద్ధతిలో. అందులో త, ద, న, ల చిన్న అక్షరాలు. ట, డ, ణ, ళ పెద్ద అక్షరాలు, అంటే షిఫ్ట్ నొక్కి పట్టుకుని కొట్టాలి. ‘మాట్లాడు’ అన్న మాట చూడండి. ఎం, పెద్ద ఏ, పెద్ద టీ, ఎల్, పెద్ద ఏ, పెద్ద డీ, యూ. ఏడు అక్షరాల్లో నాలుగింటికి షిఫ్ట్. దీర్ఘాలకి చిన్న ఏ రెండుసార్లు కొట్టి తప్పించుకోవచ్చు, ట, డలకి ఆ వీలు లేదు. తెలుగులో ట, డ లేని వాక్యం రాయడమే కష్టం. చేశాడు, వెళ్ళాడు, అంటాడు, కూడా, ఇక్కడ, అక్కడ, ఎప్పుడు. ఇంగ్లీషులో వాక్యానికి ఒకసారి నొక్కే షిఫ్ట్‌ని మనం మాటమాటకీ నొక్కుతాం. నొక్కేది ఎడమ చిటికెనవేలు, చేతిలో అన్నిటికన్నా బలం తక్కువ వేలు. దాన్ని పక్కకి చాచి, కిందికి అదిమిపట్టి, మిగతా వేళ్ళతో కొట్టడం. నా ఎడమ ముంజేయి బయటి అంచున ఉండే గుంజుడుకి కారణం ఇదని పట్టుకోవడానికి నాకు చాలా కాలం పట్టింది, ఎందుకంటే ఇంగ్లీషులో దొరికే సలహాల్లో ఇది ఉండదు.

దీనికి రెండు ఉపాయాలు ఉపయోగపడ్డాయి. విండోస్‌లో స్టికీ కీస్ అని ఉంది, షిఫ్ట్ ఐదుసార్లు వరసగా నొక్కితే అదే అడుగుతుంది. అది పెట్టుకుంటే షిఫ్ట్‌ని పట్టుకోనక్కర్లేదు, ఒకసారి నొక్కి వదిలి తర్వాత అక్షరం కొట్టొచ్చు. రెండోది ఇంకా మేలు. స్పేస్‌బార్ పక్కన కుడివైపు ఉండే ఆల్ట్ మీట నేను ఎప్పుడూ వాడను. పవర్‌టాయ్స్ అనే ఉచిత ప్రోగ్రాంతో దాన్ని షిఫ్ట్‌గా మార్చుకున్నాను. ఇప్పుడు షిఫ్ట్ నొక్కేది కుడి బొటనవేలు. అలవాటవడానికి కొంత ఓపిక కావాలి, అలవాటయ్యాక చిటికెనవేలు నిజంగా తేలికపడింది.

వాయిస్ టైపింగ్ ఉంది కదా అని అందరూ అడుగుతారు. గూగుల్ 2017లో తెలుగు చేర్చినప్పటి నుంచీ వాడుతున్నాను, ఫోన్లో వాట్సాప్ జవాబులకి అదే ఆధారం, ఎడమ బొటనవేలు కుదుటపడింది దానివల్లే. కానీ సైటులో పెట్టే రాతకి అది సగం పనే చేస్తుంది. చుక్కలూ కామాలూ తర్వాత చేత్తో పెట్టుకోవాలి. మా యాసలో మామూలుగా మాట్లాడితే ఒకటి చెబితే ఇంకొకటి రాస్తుంది, పుస్తకం చదివినట్టు మాట్లాడితే బాగా రాస్తుంది. దిద్దడానికి మళ్ళీ కీబోర్డే. పెద్ద వ్యాసానికి మొదటి చిత్తు నోటితో, దిద్దుబాటు చేత్తో అని పెట్టుకున్నాను, మొత్తం మీద చేతికి లాభమే.

ఇన్‌స్క్రిప్ట్ అనే కీబోర్డు అమరికకి మారమని కొందరు పెద్దలు సలహా ఇచ్చారు. అందులో ట, డలకి షిఫ్ట్ అక్కర్లేదు, నిజమే. కానీ అవి ఉన్నది కీబోర్డు కుడి అంచున, కుడి చిటికెనవేలి వాటాలో. ఎ, ఒ, ఓ గుణింతాల మీటలు ఎడమ అంచున, ఎడమ చిటికెనవేలి వాటాలో. ప్రతి ఒత్తుకీ హలంతు (పొల్లు) మీట ఒకటి అదనం. భారతీయ భాషలన్నిటికీ ఒకే అమరిక ఉండాలన్న ఉద్దేశంతో చేసింది అది, ఆ ఉద్దేశం గొప్పదే. తెలుగులో ఏ అక్షరం ఎంత తరచుగా వస్తుంది, అది ఏ వేలి మీద పడుతుంది అన్న లెక్కతో చేసిన కీబోర్డు మనకి ఇంకా కావాలి. నా సైట్లలో ఇన్నాళ్ళుగా పోగైన తెలుగు రాతంతా ఒకచోట పెట్టి ఏ అక్షరం ఎన్నిసార్లు వచ్చిందో లెక్కించే స్క్రిప్టు ఒకటి రాస్తున్నాను. మొక్కల పేర్లూ గదుల అద్దెలూ ఎక్కువున్న రాత కాబట్టి అది ఒక్కటే చాలదు. కథలు రాసేవాళ్ళు, వార్తలు రాసేవాళ్ళు, డీటీపీ చేసేవాళ్ళు తమ రాతలో కొంత ఇస్తే లెక్క నిలుస్తుంది. ఇన్‌స్క్రిప్ట్‌లో ఏళ్ళ తరబడి కొడుతున్నవాళ్ళు తమ రెండు చిటికెనవేళ్ళూ ఎలా ఉన్నాయో చెబితే ఇంకా మంచిది. మీటలు ఎక్కడికి జరపాలో వాళ్ళని అడగకుండా నేను తేల్చలేను.